ఇంటర్వెల్ ఒక్కటి మార్చి అడిగితే 46 మందిలో 38 మంది పాత రుజువే దింపారు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఎలా చెప్పాలి?

అనంతశ్రేణి
యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడో నెల. ఎమ్మెస్సీ ఫస్ట్ సెమిస్టర్‌కి రియల్ ఎనాలిసిస్ చెప్తున్నాను. పోయిన వారం మొదటి మిడ్ పెట్టాను. ఎక్స్ స్క్వేర్ అనే ఫంక్షన్ మొత్తం రియల్ లైన్ మీద యూనిఫామ్‌లీ కంటిన్యుయస్ (బిందువులు ఎంత దగ్గరగా ఉంటే విలువల తేడా కావలసినంత తగ్గుతుందో, ఆ కొలత అన్ని చోట్లా ఒకటే కావడం) కాదని క్లాసులో చెప్పాను, నోట్సులోనూ ఉంది. మిడ్‌లో అదే ఫంక్షన్ ఇచ్చి, 0 నుంచి 5 దాకా, రెండు చివరలూ కలిపి ఉన్న క్లోజ్డ్ ఇంటర్వెల్ మీద యూనిఫామ్‌లీ కంటిన్యుయస్ అవునా కాదా, రుజువు చేయండి అని అడిగాను.

46 పేపర్లలో 38 మంది "కాదు" అని రాసి నోట్సులో ఉన్నది మక్కీకి మక్కీ దింపారు. ఒకమ్మాయి పేపరు ఇప్పుడు నా ముందే ఉంది. ముత్యాల్లాంటి దస్తూరీ. ఒక బిందువు ఎన్, ఇంకోటి ఎన్ ప్లస్ 1/ఎన్ తీసుకుంది. వాటి వర్గాల తేడా 2 కంటే ఎక్కువని చూపించింది. "ఎన్ అనంతానికి పోగా" అని రాసి కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసింది. ఒక్క చోట కూడా లెక్క తప్పలేదు. కానీ 5 దగ్గర ఆగిపోయే ఇంటర్వెల్‌లో ఎన్ అనంతానికి ఎలా పోతుందన్న అనుమానమే ఆ పిల్లకి రాలేదు.

పేపర్లు ఇచ్చిన మర్నాడు కొంతమంది మా హెడ్ గారి దగ్గరికి వెళ్ళి, మేడం సిలబస్‌లో లేనిది అడిగారని చెప్పారు. ఆయన నన్ను పిలిచి, "పాత పేపర్లు చూసి ఇవ్వమ్మా, ఇంటర్నల్స్ తగ్గితే మళ్ళీ అందరికీ తలనొప్పి" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే చెప్పారు. నాకే రెండు రోజులుగా నిద్ర లేదు. పాత పేపర్ల దారి పట్టాలా, నా పద్ధతిలోనే వెళ్ళాలా? ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చెప్పండి.

సూటిగా
పాత పేపర్లు చూసి ఇవ్వండి. వాళ్ళలో ముప్పాతిక మంది డీఎస్సీ, జేఎల్ (జూనియర్ లెక్చరర్), గురుకులాల పరీక్షలు రాసుకునే పిల్లలు. పీజీ సర్టిఫికెట్ మీద మార్కుల శాతం తగ్గితే నష్టపోయేది వాళ్ళే. మీరు మంచి ఉద్దేశంతోనే అడిగారు, కాదనను. కానీ ఆ ప్రశ్న ఖరీదు కట్టేది పిల్లలు.

నెట్_పిచ్చి
సూటిగా గారూ, అస్సలు ఒప్పుకోను. లెక్చరర్ అర్హతకి మ్యాథ్స్ వాళ్ళకి యూజీసీ నెట్ ఉండదు, సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. అందులో పార్ట్ సీ చూశారా? 60 ప్రశ్నలిస్తారు, 20 రాయాలి, ఒక్కోదానికి 4.75 మార్కులు. నాలుగు ఆప్షన్లలో ఎన్ని కరెక్టో చెప్పరు. ఉన్న కరెక్టు ఆప్షన్లన్నీ పెట్టి, తప్పుది ఒక్కటీ పెట్టకపోతేనే మార్కులు, లేదంటే సున్నా. 200లో 95 మార్కులు అక్కడే ఉన్నాయి. ఈ మేడం అడిగినట్టే ఇంటర్వెల్ మార్చి, ఫంక్షన్ మార్చి అడుగుతారు. బట్టీ కొట్టినవాడు మొదటి పేజీలోనే ఆగిపోతాడు. నేను మూడుసార్లు ఆగిపోయాను కాబట్టి చెప్తున్నాను. ఎమ్మెస్సీలో ఒక్కరైనా నన్ను ఇలా అడిగి ఉంటే మొదటిసారికే తెలిసేది.

సూటిగా
నెట్ రాసేది ఎంతమంది? 46లో ఆరుగురా? మిగతా నలభై మంది సంగతేంటి?

ఓరుగల్లు_పిల్ల
మిగతా నలభై మంది రేపు బడిలనో కాలేజీలనో లెక్కలు చెప్పేటోళ్ళే గదా అన్నా. వాళ్ళు బట్టీ వడితే వాళ్ళ పిల్లలు గూడ బట్టీనే వడ్తరు. నేను డిగ్రీ కాలేజీల చెప్తున్న. నా దగ్గరికి ఇంటర్ నుంచి వచ్చేటోళ్ళు గట్లనే వస్తరు, నా దగ్గర్నుంచి మేడం దగ్గరికి పోయేటోళ్ళు గూడ గట్లనే పోతున్నరు. దీంట్ల నా తప్పు గూడ ఉన్నది.

నల్లబల్ల
33 ఏళ్ళు ఎనాలిసిస్, టోపాలజీ చెప్పి రిటైరయ్యాను. అమ్మా అనంతశ్రేణీ, రెండు సంగతులు అడుగుతాను. బీఎస్సీ తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఆ క్లాసులో ఎంతమంది? మిడ్‌కి ముందు, నోట్సులో ఉన్నది మార్చి అడుగుతానని క్లాసులో చెప్పావా?

అనంతశ్రేణి
సగం మంది పైనే తెలుగు మీడియం సర్. మార్చి అడుగుతానని చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తుందనుకున్నాను.

నల్లబల్ల
అయితే పొరపాటు సగం నీది. అడిగినందుకు కాదు, చెప్పకుండా అడిగినందుకు. మూడో క్లాసు నుంచి డిగ్రీ దాకా పదమూడేళ్ళ పాటు వాళ్ళకి ఒకటే నేర్పాం: చెప్పింది చెప్పినట్టు రాస్తే మార్కులు. నువ్వు ఒక్క మధ్యాహ్నంలో ఆ పద్ధతి మార్చేశావు, మార్చినట్టు వాళ్ళకి తెలియదు. హెడ్ దగ్గరికి వెళ్ళారని బాధపడకు. నేను చేరిన కొత్తలో నా మీద ఏకంగా ప్రిన్సిపాల్‌కి సంతకాలు పెట్టి ఇచ్చారు. ఆ సంతకాల్లో ఒకడు ఇప్పుడు ఇదే సబ్జెక్టు చెప్తున్నాడు, ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేస్తాడు.

అలాగని ఆ ప్రశ్న మానొద్దు. ముందుగా చెప్పి అడుగు.

పద్నాలుగేళ్ళు
ఇలాంటి ప్రశ్న అడగాలంటే ముందు కుర్చీ గట్టిగా ఉండాలి. నేను 14 ఏళ్ళుగా కాంట్రాక్టు మీద చెప్తున్నాను. ప్రతి ఏడూ రెన్యువల్. పిల్లలు నలుగురు వెళ్ళి ఫిర్యాదు ఇస్తే వచ్చే ఏడు నా పేరు ఉంటుందో ఉండదో తెలియదు. మేడం రెగ్యులర్ పోస్టులో ఉన్నారు కాబట్టి నిద్ర పట్టకపోవడం దగ్గర ఆగింది. మాకైతే ఇంట్లో పొయ్యి దాకా వస్తుంది.

అనంతశ్రేణి
అన్నా, మీరు చెప్పింది నిజం. రెగ్యులర్ పోస్టు రాకముందు రెండేళ్ళు గెస్ట్‌గా చెప్పాను. వేసవి రెండు నెలలు జీతం ఉండేది కాదు. ఆ రెండేళ్ళలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదు. ఇప్పుడు మీరు అంటే గుర్తొచ్చింది.

మాత్రిక_రాజు
పద్నాలుగేళ్ళు అన్నా, గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500, నెలకి 50,000 దాటకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019 జనవరిలోనే చెప్పింది కదా, మీ దగ్గర ఇస్తున్నారా?

పద్నాలుగేళ్ళు
దాంట్లో సగం కూడా రాదు తమ్ముడూ. రెగ్యులర్‌గా చేరినవాళ్ళకి లెవెల్ 10లో మూలవేతనం 57,700తో మొదలు. అదే గది, అదే బోర్డు, అవే గ్రూపులు, రింగుల పాఠాలు. వారానికి 16 గంటలు అసిస్టెంట్ ప్రొఫెసర్ చెప్పాలని యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో ఉంది. నేను 22 చెప్తున్నాను. ఈ చర్చ మేడం ప్రశ్న మీద కాబట్టి ఇక్కడితో ఆపుతాను. కానీ బట్టీ ఎందుకు పోవట్లేదని ఎవరైనా నన్ను అడిగితే, నేను ముందు ఈ లెక్కే చెప్తాను. 22 గంటలు చెప్పినవాడికి కొత్త ప్రశ్న తయారుచేసే ఓపిక ఎక్కడిది?

మాత్రిక_రాజు
ఇంజనీరింగ్ వైపు ఇంకో తంటా. నేను ఫస్టియర్‌కి ఎం1, ఎం2 అనే మ్యాథ్స్ పేపర్లు చెప్తాను. సెక్షన్‌కి 66 మంది, నాలుగు సెక్షన్లు. ఐగన్ వాల్యూలు కనుక్కోమంటే మూడు వరసల మాత్రిక అయితే అందరూ చేస్తారు. "ఈ మాత్రికకి ఒక ఐగన్ వాల్యూ సున్నా. దీనికి ఇన్వర్స్ ఉంటుందా?" అని ఒకసారి అడిగాను. ఉండదు, లెక్క చెయ్యక్కర్లేని ప్రశ్న. క్లాసు నిశ్శబ్దం. చివరి బెంచీలో ఒకడు "సార్, మాత్రిక ఇవ్వలేదు" అన్నాడు. వాడన్నది నాకు చాలాసార్లు గుర్తొస్తుంది. మాత్రిక ఇవ్వకుండా మాట్లాడొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు.

పెసరట్టు_ఉప్మా
మాత్రిక ఇవ్వకుండా మాట్లాడటం మా అత్తగారి దగ్గర నేర్చుకోవచ్చు, దినుసులేవీ చూడకుండా ఎన్ని పెసరట్లు వస్తాయో చెప్పేస్తుంది. పైగా సరిగ్గా చెప్తుంది.

మడకశిర_కుర్రోడు
నేను ఆ 38 మందిలో ఒకణ్ణి. అంటే ఈ మేడం క్లాసు కాదు, ఇంకో యూనివర్సిటీ. బీఎస్సీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తాండా. ఎమ్మెస్సీ మొదటి నెలలో నాకు ఏం జరిగిందో చెప్తా, పనికొస్తుందేమో.

డెఫినిషన్ ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు. "ఫర్ ఎవ్రీ ఎప్సిలాన్, దేర్ ఎగ్జిస్ట్స్ ఎ డెల్టా" అంటే నాకు అది మంత్రం లెక్క ఉండేది. మంత్రంలో మాట ముందువెనకలైతే పాపమని ఎట్లా భయపడతామో అట్లా భయపడి రాసేవాణ్ణి. ఎందుకు ఆ వరసలో ఉందో తెలీదు.

మా సార్ ఒకరోజు ఇంగ్లీషు ఆపేసి, బోర్డు మీద తెలుగులో రెండు వాక్యాలు రాసినాడు.
"ఈ వీధిలో ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి ఉంది."
"ఈ వీధిలో అన్ని ఇళ్ళకీ పనికొచ్చే తాళంచెవి ఒకటి ఉంది."
రెండూ ఒకటేనా అన్నాడు. క్లాసంతా నవ్వినాం, ఎట్లా ఒకటవుతుంది సార్ అని. "మొదటిది కంటిన్యుటీ, రెండోది యూనిఫామ్ కంటిన్యుటీ. ఇల్లు అంటే బిందువు, తాళంచెవి అంటే డెల్టా" అన్నాడు. ఆ నిమిషంలో నా నెత్తి మీద నుంచి మూట దించినట్టయింది.

నెట్_పిచ్చి
ఇది చాలా బాగుంది. కానీ ఎప్సిలాన్ ఏమైంది ఇందులో?

మడకశిర_కుర్రోడు
అదే నేనూ అడిగినా. ఎప్సిలాన్ అంటే ఫంక్షన్ విలువల తేడా ఎంత లోపల ఉండాలో ఎదుటివాడు పెట్టే షరతు. డెల్టా అంటే అందుకు బిందువులు ఎంత దగ్గరగా ఉండాలో మనం చెప్పేది. వాడు ముందు చెప్తాడు, మనం తర్వాత డెల్టా ఇయ్యాల. వాడు ఎప్సిలాన్ ఎంత చిన్నదిగా అడిగితే మనం అంత బాగా చెక్కిన తాళంచెవి ఇయ్యాల. కంటిన్యుటీలో వాడు షరతుతో బాటు ఇంటి నంబరు గూడా చెప్తాడు. యూనిఫామ్‌లో ఇంటి నంబరు చెప్పడు. మనం తాళంచెవి ఇచ్చినాక వాడికి ఇష్టమైన ఇంటికి పోతాడు. ఏ ఇల్లయినా తెరుచుకోవాల.

నల్లబల్ల
తాళంచెవి పోలిక మంచిది, కానీ ఒక చోట తేడా వస్తుంది, చెప్పేటప్పుడు జాగ్రత్త. ఒక ఇంటి తాళంచెవి ఇంకో ఇంటికి పనికిరాదు. డెల్టా అలా కాదు. ఒక బిందువుకి పనికొచ్చిన డెల్టా కంటే చిన్నది ఏదైనా ఆ బిందువుకి పనికొస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న: అందరికీ పనికొచ్చేంత చిన్నది, అయినా సున్నా కానిది, ఒకటి దొరుకుతుందా?

ఎక్స్ స్క్వేర్ బొమ్మ గీసి చూపించు అమ్మా. కుడివైపు వెళ్ళేకొద్దీ రోడ్డులా ఉన్న ఆ గీత నిటారవుతుంది, డెల్టా బిగిసిపోతుంది. రోడ్డుకి చివర లేకపోతే బిగుసుకుపోవడానికీ చివర లేదు. 5 దగ్గర రోడ్డు ఆగితే అన్నిటికంటే కష్టమైన చోటు 5. అక్కడ పనికొచ్చిన డెల్టా మిగతా చోట్లన్నిటా పనికొస్తుంది. రెండు బిందువులూ 5 దాటవు కాబట్టి వాటి మొత్తం 10 దాటదు. వర్గాల తేడా అంటే మొత్తం ఇంటు తేడా. కాబట్టి డెల్టా అంటే ఎప్సిలాన్‌లో పదో వంతు. ఒక్క లైను రుజువు. ముందు బొమ్మ, తర్వాత తెలుగు, తర్వాతే ఇంగ్లీషు డెఫినిషన్. నేను ఈ వరస పట్టుకోవడానికి పన్నెండేళ్ళు పట్టింది. నువ్వు ఏడో నెలలోనే అడుగుతున్నావు.

సూటిగా
తెలుగులో చెప్పడం వరకూ సరే. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి కదా.

అనంతశ్రేణి
దాని గురించి చెప్పాలి. ఆ 46లో సరిగ్గా రాసినవాళ్ళు ముగ్గురే. వాళ్ళలో ఒకబ్బాయి సగం తెలుగులో రాశాడు. "ఎక్కడ చూసినా మొత్తం 10 మించదు కాబట్టి" అని తెలుగులోనే ఉంది. మిగతా సింబల్స్. నేను పూర్తి మార్కులు వేశాను. తప్పు చేశానా?

ఓరుగల్లు_పిల్ల
తప్పెట్లయితది మేడం. వాడు ఆలోచన రాసిండు. నేనైతే ఆ పేపర్ జిరాక్స్ తీసి దాచుకుంటుండె.

మాత్రిక_రాజు
ఇంటర్నల్‌లో అయితే పర్లేదు. ఎండ్ సెమ్ వాల్యుయేషన్‌కి బయటి నుంచి వస్తారు, కొందరు కొట్టేస్తారు. ఇప్పట్నుంచే ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో ఎలా రాయాలో పక్కనే రాసి ఇవ్వండి. కొట్టెయ్యకుండా, పక్కన.

పెసరట్టు_ఉప్మా
ఇంటర్ చదివేటప్పుడు నేను ఇంట్లో "అమ్మా, రేపు ఫంక్షన్స్ టెస్టు" అంటే మా అమ్మ "ఎవరింట్లో?" అంది. తెలుగు అకాడమీ పుస్తకంలో ప్రమేయం అని ఉంటుంది. అది చెప్తే అసలు ఏ ఇంట్లోనో కూడా అడిగేది కాదు.

మడకశిర_కుర్రోడు
నవ్వినా గానీ, ఆ మాటలు నాకు ఇప్పటికీ పనికొస్తాయి. అవధి (లిమిట్), అవిచ్ఛిన్నత (కంటిన్యుటీ), సమూహం (గ్రూప్), సదిశాంతరాళం (వెక్టర్ స్పేస్). అవిచ్ఛిన్నత అంటే తెగిపోకుండా ఉండటం అని మాటలోనే ఉంది. ఎమ్మెస్సీకి వచ్చినాక అన్నీ మర్చిపోవాల్సొచ్చింది. మర్చిపోకుండా పక్కన పెట్టుకోమని ఎవరైనా చెప్పుంటే బాగుండు.

నల్లబల్ల
తెలుగుతో ఒక ఇబ్బంది కూడా ఉంది, అది కూడా క్లాసులో చెప్పాలి. "అందరూ పాసవలేదు" అంటే ఏమిటి? ఒక్కడూ పాసవలేదనా, కొందరు పాసై కొందరు తప్పారనా? మనం మాట్లాడేటప్పుడు రెండిటికీ వాడతాం, వినేవాడు సందర్భం చూసి అర్థం చేసుకుంటాడు. గణితంలో సందర్భం సాయపడదు. "యూనిఫామ్‌లీ కంటిన్యుయస్ కాదు" అని రాయమంటే పిల్లలు తడబడేది ఇక్కడే. నేను ఇలా చేయించేవాణ్ణి: "అందరూ పాసయ్యారు" అన్నది అబద్ధం అని నిరూపించడానికి ఏం కావాలి? తప్పిన ఒక్కణ్ణి తెచ్చి నిలబెట్టాలి. "పాసైనవాడు ఒకడున్నాడు" అన్నది అబద్ధమని చెప్పడానికి? క్లాసు మొత్తాన్ని వరసగా నిలబెట్టాలి. ప్రతి అన్న చోట ఒకడు వస్తాడు, ఒకడు అన్న చోట ప్రతి వస్తాడు. పది నిమిషాలు ఇది ఆడించి, అప్పుడు ఎప్సిలాన్ డెల్టా వాక్యాన్ని తిరగెయ్యమంటే వాళ్ళే తిరగేస్తారు.

నెట్_పిచ్చి
సర్, ఇది మా కోచింగ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు. రాసుకున్నాను.

కాన్సాస్_మబ్బు
అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, కాల్‌క్యులస్‌కి టీఏని (టీచింగ్ అసిస్టెంట్). వారానికి 20 గంటల పని, అందులో రెండు సెక్షన్లు. ఇక్కడ బట్టీ లేదనుకునేవాళ్ళకి చెప్తున్నాను, ఇక్కడా ఉంది. డెరివేటివ్ సూత్రాలు ఫ్లాష్‌కార్డుల మీద రాసుకుని తిరుగుతారు. తేడా ఒక్క చోట కనిపించింది. ప్రతి వారం గ్రేడ్ వేసే హోంవర్క్ ఉంటుంది, చిన్న క్విజ్ ఉంటుంది, ఆఫీస్ అవర్స్‌లో వచ్చి కూర్చుంటారు. తప్పు రెండో వారంలోనే బయటపడుతుంది. మన దగ్గర మొదటిసారి బయటపడేది మిడ్‌లో, అప్పటికే మార్కులు పోతాయి. మేడం, మిడ్ కంటే ముందు మార్కుల్లేని చిన్న టెస్టు పెడితే ఎవరూ హెడ్ దగ్గరికి వెళ్ళరు.

పద్నాలుగేళ్ళు
46 మంది హోంవర్కు వారం వారం ఎవరు దిద్దుతారు? అక్కడ టీఏలు ఉన్నారు. ఇక్కడ మేడమే టీఏ, మేడమే ఇన్విజిలేటర్, న్యాక్ తనిఖీ వస్తే ఫైళ్ళు కట్టేదీ మేడమే.

కాన్సాస్_మబ్బు
ఒప్పుకుంటాను. అందరివీ దిద్దక్కర్లేదు. ఒక్క ప్రశ్న, ఒక్క చీటీ, ఐదు నిమిషాలు. పక్కవాడి చీటీ తీసుకుని తప్పు ఎక్కడుందో వెతకమనండి. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకునేది అప్పుడే.

ఓరుగల్లు_పిల్ల
పక్కోని తప్పు వెతుకుమంటే మా పోరగాళ్ళు మస్తు హుషారైతరు. ఇది రేపే చేస్త.

సూటిగా
నేను మొదట రాసింది కొంచెం మారుస్తాను. పిల్లలకి ముందు చెప్పి, మార్కుల్లేని టెస్టు పెట్టి, ఆ తర్వాత మిడ్‌లో పావు వంతు ఇలాంటివి అడిగితే నాకు అభ్యంతరం లేదు. మిగతా ముప్పావు నోట్సులో ఉన్నవే ఉండాలి. మా చెల్లికి ఎమ్మెస్సీలో ఒక సబ్జెక్టు పోయి ఏడాది ఆగాల్సొచ్చింది, ఆ ఏడు పడ్డ నోటిఫికేషన్ మళ్ళీ రాలేదు. అందుకే అంత గట్టిగా రాశాను.

నల్లబల్ల
నువ్వు రాయడం మంచిదైంది. లెక్చరర్లు ఎప్పుడూ వినాల్సిన మాట అది.

వాల్తేరు_గాలి
ఆలస్యంగా చూశాను. మా ఊరి గురించి ఒక సంగతి చెప్పాలనిపించింది. గణితజ్ఞుడు మీనాక్షిసుందరం గారి పేరు ఎంతమంది విన్నారు? త్రిచూర్‌లో పుట్టారు, 1940ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో, వాల్తేరులో, లెక్చరర్‌గా చేశారు. 1946 నుంచి 1948 దాకా ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. స్వీడన్ గణితజ్ఞుడు ప్లైయెల్‌తో కలిసి రాసిన పేపరు 1949లో వచ్చింది. ఒంపు తిరిగిన తలాల మీద లాప్లాస్ ఆపరేటర్ ఐగన్ ఫంక్షన్ల గురించి. ఆ పని ఆ ఇద్దరి పేర్లతోనే ప్రపంచమంతా పిలుస్తోంది, ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. తర్వాత వెనక్కి వచ్చి ఇక్కడే చెప్పారు. 1968లో పోయారు. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మ్యాథ్స్ చదివింది కూడా ఈ కొండ మీదే.

మన స్టేట్ యూనివర్సిటీల్లో ఏముందిలే అని పిల్లలు అన్నప్పుడల్లా నేను ఈ సంగతి చెప్తాను. కిటికీలోంచి సముద్రం కనపడే గది ఒకటుంది మా దగ్గర. అక్కడ నిలబడి చెప్తే ఇంకా బాగా వింటారు.

మడకశిర_కుర్రోడు
ఐదేళ్ళుగా హీట్ కెర్నల్ అనే విషయం చదువుతాండా, ఆ ఇద్దరి పని వాడేది అక్కడే, మీనాక్షిసుందరం ప్లైయెల్ అని వందసార్లు రాసుంటా. ఆయన వాల్తేరులో పాఠం చెప్పినాడని ఈ రోజే తెలిసింది!

నల్లబల్ల
ఇంకోటి. వేసవిలో ఎంటీటీఎస్ అని గణితం పిల్లలకి శిక్షణ శిబిరం ఉంటుంది, 1993 నుంచి నడుస్తోంది. కుమరేశన్ గారు మొదలుపెట్టారు, తర్వాత ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేశారు. నాలుగు వారాల పాటు పిల్లలతో ప్రశ్నలు అడిగిస్తారు, బోర్డు దగ్గరికి పిలుస్తారు. నా విద్యార్థులు తొమ్మిది మంది వెళ్ళారు. వెళ్ళొచ్చినవాడు క్లాసులో కూర్చునే తీరే మారిపోయేది. "ఎందుకు సర్" అనడానికి భయపడేవాడు కాదు. సగం తెలుగులో రాసిన ఆ అబ్బాయి చేత తప్పకుండా అప్లై చేయించు.

అనంతశ్రేణి
అందరూ చెప్పినవి రెండుసార్లు చదివాను. రేపటి క్లాసులో బొమ్మ, తాళంచెవి, "అందరూ పాసవలేదు" వరసగా చెప్తాను. తర్వాత మార్కుల్లేని చీటీ. జరిగింది వచ్చి రాస్తాను.

పెసరట్టు_ఉప్మా
చీటీ అంటే పిల్లలు కాపీ చీటీ అనుకుంటారు, వేరే పేరు పెట్టండి మేడం.

అనంతశ్రేణి
పది రోజులైంది. ముందు హెడ్ గారి సంగతి. నేనే వెళ్ళి, ఇక ముందు నాలుగో వంతు కొత్త ప్రశ్నలుంటాయనీ, పిల్లలకి ముందే చెప్తాననీ, మార్కుల్లేని టెస్టులు పెడుతున్నాననీ చెప్పాను. కాసేపు ఆలోచించి "రాసి ఇవ్వు, నోటీసు బోర్డులో పెడదాం" అన్నారు. ఈ మిడ్ మార్కులు మాత్రం ఏం చేద్దామో ఇంకా తేలలేదు.

క్లాసు. తాళంచెవి చెప్పినప్పుడు నవ్వారు. తిరగెయ్యడం దగ్గర ఒక అరగంట పట్టింది, పది నిమిషాల్లో అవలేదు సర్. నిన్న చీటీలో ఇచ్చిన ప్రశ్న: 1/ఎక్స్ అనే ఫంక్షన్, 1 నుంచి మొదలై చివర లేని ఇంటర్వెల్ మీద. చివర లేదు కాబట్టి "కాదు" అనేస్తారని భయపడ్డాను. 46లో 21 మంది "అవును" అన్నారు. వాళ్ళలో 13 మంది రుజువు కూడా సరిగ్గా ఉంది. మిగతా వాళ్ళలో చాలామంది ఎన్, ఎన్ ప్లస్ 1/ఎన్ మొదలుపెట్టి, మధ్యలో కొట్టేశారు. ఆ కొట్టివేతలు చూస్తే నాకు సంతోషం వేసింది. పోయినసారి ఒక్క కొట్టివేత లేదు.

ముత్యాల దస్తూరీ అమ్మాయి పూర్తి చెయ్యలేదు. "ఎక్స్ ఎక్కడా 1 కంటే తగ్గదు కాబట్టి" అని రాసి ఆగిపోయింది. క్లాసయ్యాక బోర్డు తుడుస్తుంటే వచ్చి నిలబడింది. "మేడం, డెల్టా ఎప్సిలాన్ అంతే అన్నారు కదా. ఇంటర్వెల్ 1 బదులు సగం దగ్గర మొదలుపెడితే అదే డెల్టా సరిపోతుందా?" అంది. చాక్‌పీస్ చేతిలో పెట్టాను. రెండుసార్లు తుడిచి రాసింది. "ఎప్సిలాన్‌లో నాలుగో వంతు మేడం" అంది.

నల్లబల్ల
సగం బదులు వందో వంతు దగ్గర మొదలుపెడితే ఎంతో అడుగు. ఇంకేమీ చెప్పకు.

అనంతశ్రేణి
మధ్యాహ్నం అడిగాను సర్. ఇప్పుడే మెసేజ్ పెట్టింది: "పదివేలో వంతు మేడం. ఇలా సున్నా దాకా పోతే ఇంక డెల్టా మిగలదు కదా? రేపు వచ్చి అడుగుతాను."